నాన్న లేవకుండా

జూన్ 4
కొట్టు నుంచి

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం అడగను. రోజూ రాత్రి ఏడున్నరకి టీవీలో చూస్తూనే ఉన్నాను. ఒళ్లు చేశావు, కోటు గుండీలు పట్టడం లేదు. ఇరవై ఏళ్లు దాటింది, అదే లాయరు నల్లకోటు వేసుకుని అదే మేనకోడల్ని ఏడిపిస్తున్నావు. మేనకోడలి వేషం వేసిన పిల్లలు ముగ్గురు మారారు, మామయ్యవి నువ్వు మాత్రం మారలేదు. నువ్వు దాచిన ఆ వీలునామా ఇంకా బయటికి రాలేదు. ఈపాటికి చెదలు తినేసి ఉంటాయి, ఒకసారి తీసి చూసుకో.

కొట్టుకొచ్చేవాళ్లు నిన్ను తిట్టే తిట్లన్నీ రాయాలంటే ఈ కాగితం చాలదు. నా దగ్గర దిండు గలీబులు కుట్టించుకునే లెక్కల టీచరమ్మ ఉంది కదా, ఆవిడ ట్యూషన్లు ముగించుకుని సీరియల్ టైముకి సరిగ్గా ఇక్కడికి వచ్చి నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంటుంది. నువ్వు తెర మీదికి రాగానే "వీడి నోట్లో మన్ను పడ" అంటుంది. నువ్వు నా తమ్ముడివని తెలిసే అంటుంది. నేనూ తలాడిస్తాను. బేరం పోగొట్టుకోలేను కదా.

బేరమంటే గుర్తొచ్చింది. నిన్న ఒకావిడ నీలం కర్టెన్లు అడిగితే ఆకుపచ్చవి కుట్టానని పెద్ద గొడవ చేసింది. గుమ్మం దిగి వెళ్లిపోతూ, అటు తిరిగి రంగు చెబితే నాకేం తెలుస్తుంది? చెప్పేదేదో ముఖాన చెప్పాలి. మర్యాద తెలియని మనుషులు.

ఒక్క సందేహం. మొన్న గురువారం కోర్టు మెట్ల మీద ఆ పిల్లకి వేలు చూపించి "ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి" అని బెదిరించావేమిటి? ఎక్కం చెప్పి భయపెట్టడం కొత్త పద్ధతా? నీ రచయితకి కథ అయిపోయి లెక్కల్లో పడ్డాడా? అదే మాట టీచరమ్మని అడిగితే ఆవిడ నన్ను ఒక చూపు చూసి, దారపు ఉండ కొనుక్కుని వెళ్లిపోయింది.

ఫోన్ చెయ్యకు. ఈ మిషను చప్పుడులో ఏదీ బుర్రకెక్కదు. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇట్లు,
విలన్‌ని పెంచిన పాపానికి,
అక్క


జూన్ 15
మేకప్ గది నుంచి

అక్కా,

నీ తిట్లు అందాయి, టీచరమ్మవీ అందాయి. ఆపొద్దని ఆవిడకి చెప్పు. ఆవిడ తిట్టినన్నాళ్లే నాకు అన్నం. పోయిన వారం కూరగాయలవాడు నాకు వంకాయలు తూచడానికి ఒప్పుకోలేదు. "ముందు ఆ పిల్ల ఇల్లు ఆ పిల్లకి రాసివ్వు" అన్నాడు. వేషం అంత బాగా పండుతోందని సంతోషించాలో, వంకాయలు దొరకలేదని ఏడవాలో తెలియలేదు.

కోటు గుండీలు పట్టడం లేదన్నావు. ఆ కోటుకి అసలు వీపే లేదు. వెనక నిలువునా కోసేసి నాలుగు పిన్నులు గుచ్చారు. అందుకే నేను కెమెరాకి ఎప్పుడూ వీపు చూపించను. అది చూసి ఒక పత్రికాయన "ఎవరికీ వీపు చూపని విలన్" అని పొగిడాడు. వీలునామా అంటావా, అది కరెంటు బిల్లు. సెట్లో మన బంగళా మెట్లున్నాయే, నేను చెయ్యి వేసి దర్జాగా ఎక్కుతానే, వాటి పైన ఏమీ లేదు. ఎక్కినవాడు అవతల నిచ్చెన పట్టుకుని దిగాలి.

ఎక్కం నేను చెప్పడమేమిటి? "నీ ఇల్లు వేలం వేయించి నిన్ను రోడ్డు మీద నిలబెడతా" అన్నాను. ఊరంతా విన్నది అదే. కళ్లజోడు తుడుచుకో, టీవీ సౌండు పెంచుకో.

ఇక్కడ పెద్ద వార్త ఒకటుంది. గడ్డం డైరెక్టరు ఒకడు కొత్తగా వచ్చాడు. గడ్డానికీ మీసానికీ మధ్య నోరెక్కడుందో వెతుక్కోవాలి. ఇన్నేళ్లూ మా పక్కనే రేకుల షెడ్డు ఉండేది, అక్కడ రోజంతా బాదుడే. అందుకని మేం ఇక్కడ నోరు కదిపితే, మాట తర్వాత డబ్బింగులో పెట్టేవాళ్లు. నా ముఖానికి మొదటి నుంచీ మాట పెడుతున్నది ఒకే మనిషి. యూనిట్లో అతన్ని "మామయ్య గొంతు" అంటారు, నేను "నా గొంతు" అంటాను. ఆగస్టు నుంచి ఇదంతా ఉండదట. కొత్త ఫ్లోరు కట్టారు, గోడలన్నిటికీ పరుపులు తొడిగారు. సెట్లో ఎవరి నోట్లోంచి ఏం వస్తే అదే రికార్డు. గడ్డమాయన పట్టుదల అది.

నా అసలు గొంతు నీకు తెలుసుగా. "ఈ ముఖానికి ఈ గొంతేమిటయ్యా" అని మొదటి ప్రొడ్యూసరు నవ్విన గొంతు. అదీ ఇప్పటి దిగులు. అంతకుమించి ఏమీ లేదు.

నీ
తమ్ముడు


జూన్ 16

అక్కా,

నిన్నటి ఉత్తరం డబ్బాలో వేసేశాక మళ్లీ ఆలోచన వచ్చింది. ఆ ఎక్కం సంగతి నీకెవరు చెప్పారు? నా గొంతేనా? అతనికి నీ అడ్రసు ఎలా దొరికింది? దాచకుండా రాయి. ఇది నవ్వులాట కాదు.

తమ్ముడు


జూన్ 27

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ పక్కింటి నుంచి తెచ్చుకున్నాను. పోస్టుమ్యాన్ తలుపు బాది బాది విసిగిపోయి వాళ్లకి ఇచ్చి వెళ్లాడట. నేను లోపలే ఉన్నాను. ఈ కాలం వాళ్లకి తలుపు కొట్టడం కూడా చేతకాదు.

నాకెవరూ చెప్పలేదు. నీ గొంతాయన పొడుగో పొట్టో నాకు తెలియదు. నా రెండు కళ్లతో నేను చూశాను. "ఎక్కం నేను చెప్పడమేమిటి" అని నన్నే కళ్లజోడు తుడుచుకోమన్నావు, ఆ మరునాడే "ఆ ఎక్కం సంగతి నీకెవరు చెప్పారు" అని రాశావు. నీకంటే ఆ వీలునామా దాచిన మామయ్య నయం, వాడు ఒకే అబద్ధం మీద ఇరవై ఏళ్లుగా నిలబడ్డాడు.

బుకాయించావు కాబట్టి మిగతావి కూడా విను. పోయిన నెల ఆస్పత్రి సీన్లో డాక్టరు చెయ్యి పట్టుకుని, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "సబ్బు, బల్బు, ఉల్లిపాయలు, సబ్బు" అన్నావు. టీచరమ్మ కళ్లు ఒత్తుకుంది, నేను నోరు తెరిచాను. పెళ్లి చెడగొట్టే సీన్లో "ఒకటో నంబరు బస్సు, రెండో నంబరు బస్సు" అంటూ వరస పెట్టావు. నాకు అర్థమైంది ఒకటే. ముఖం చూపిస్తే చాలు, మాట ఎవడో ఒకడు పెడతాడులే అని ధీమా వచ్చింది నీకు. డైలాగు కాగితం తిరగేసే ఓపిక కూడా లేదు. చేసేది దొంగ వేషమే కావచ్చు, దాన్నైనా ఒళ్లు దాచుకోకుండా చెయ్యాలి. ఈ వయసులో నీకు సోమరితనం నేర్పిందెవరు?

నువ్వు ఎలాంటివాడివో నాకు తెలుసు కాబట్టి ఇంత కోపం. నాన్న రాత్రంతా ప్రెస్సులో పేపర్లు అచ్చేసి వచ్చి పగలు పడుకునేవాడు. ఉన్నది ఒక్క గది. చప్పుడైతే వీపు పగిలేది. మనిద్దరం చెరో గోడకి ఆనుకుని, చప్పుడు బయటికి రాకుండా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం. దెబ్బలాటలు కూడా పెదాలతోనే. బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి నువ్వు రోజూ ఒకటే అడిగేవాడివి, "నాన్న లేచాడా?" అని. నేను "లేవలేదు, కానీయ్" అంటే పిల్లిలా లోపలికొచ్చేవాడివి. ఆ గదిలోనే నీకు పాఠాలన్నీ పెదాలతో అప్పజెప్పించాను. ఒకసారి చెబితే చాలు, ఒక్క ముక్క పోయేది కాదు. అలాంటివాడివి ఇప్పుడు మేనకోడలికి ఎక్కాలు చెబుతావా?

కోపంగానే,
అక్క


జూలై 8

అక్కా,

నీ ఉత్తరం మేకప్ కుర్చీలో కూర్చుని చదివాను. చదివాక మేకప్ రెండోసారి వెయ్యాల్సి వచ్చింది.

నువ్వు చూశానంటే నేను నమ్మలేదు. నా గొంతే చెప్పి ఉంటాడనుకున్నాను. నీ జవాబు రాకముందే పోయి నిలదీశాను. "ఇన్నేళ్లు కలిసి బతికి చివరికి మా ఇంట్లోనే చిచ్చు పెడతావా" అన్నాను. అతను తాగకుండానే టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు నీ ఉత్తరం చూశాక నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

సోమరినన్నావు. అదే నిజమైతే ఎంత బాగుండేది. మాటలు నిలవడం లేదక్కా. పోయిన చలికాలం నుంచి ఇదే వరస. పొద్దున్న పేజీ చదువుతాను, మొత్తం వచ్చేసినట్టే ఉంటుంది. కోటు తొడుక్కునేసరికి సగం పోతుంది, లైట్లు వెలిగేసరికి మిగతా సగం. కోపం ఉంటుంది, కళ్లలో నీళ్లు కూడా సరైన చోటికే వస్తాయి, మాట ఒక్కటే రాదు. నోరు కదలాలి కదా. అందుకని ఎక్కం. అందుకని ఇంటికి తీసుకెళ్లాల్సిన సరుకులు. డాక్టరు దగ్గరికి వెళ్లాను. రోగమేమీ లేదన్నాడు. వయసు, నిద్ర తక్కువ, దిగులు ఎక్కువ అన్నాడు. ఏ సంగతీ మరిచిపోవడం లేదు, బట్టీ పట్టింది మాత్రం నిలవడం లేదు.

ఈ సంగతి తెలిసింది నాకూ నా గొంతుకే. తెర మీద నేను చెప్పిన ఎక్కానికి అసలు డైలాగు అతికించింది అతనే. ఎలా అతికించాడో, ఎన్నిసార్లు చెమటలు పట్టించుకున్నాడో. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. అలాంటి మనిషిని అన్నాను ఆ మాట.

యూనిట్లో నన్ను "ఒక్క టేకు మామయ్య" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి నన్ను చూపించి "అలా ఉండాలి" అని చెబుతారు. ఆగస్టులో మైకులు పెట్టాక ఆ ఒక్క టేకు మామయ్య సబ్బూ బల్బూ అంటుంటే అందరూ వింటారు. అందుకని రైటర్ దగ్గరికి వెళ్లి, నన్ను చంపెయ్యమని అడిగాను. మెట్ల మీద నుంచి పడి పోతాను. అలిసిపోయానని చెప్పాను, నమ్మాడు. ఇష్టమై అడిగాననుకోకు. బజారులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. ఈ కోటు విప్పేస్తే నేనెవరినో నాకే తెలియదు. చాలా భయంగా ఉంది.

నా కథ అయింది. ఇప్పుడు నీది. ఊరంతా "ఇల్లు వేలం వేయిస్తా" అని వింటుంటే నువ్వొక్కదానివే ఎక్కం ఎలా పట్టుకున్నావని రెండు రోజులు ఆలోచించాను. చెవుల్లో మాట పడుతుంటే ఎవరైనా పెదాలు చదువుతారా? ఫోన్ చెయ్యొద్దంటావు. పోస్టుమ్యాన్ తలుపు బాదినా లేవలేదు. అటు తిరిగి రంగు చెప్పినావిడకి వేరే రంగు కుట్టావు.

అక్కా, నీకు వినిపించడం లేదు కదూ?

తమ్ముడు


జూలై 18

తమ్ముడూ,

పట్టుకున్నావు. మరి మామయ్యవి కదా, లాయరు బుర్ర.

కుడి చెవి ముందు పోయింది. దాన్ని విడిచి ఉండలేనట్టు ఎడమది కూడా వెనకాలే వెళ్లింది. డాక్టరు చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది పెట్టుకుని కుట్టు మిషను తొక్కితే కొట్టులోంచి రైలు వెళ్లినట్టు ఉంది. తీసి గుండీల డబ్బాలో పడేశాను. నీకెందుకు చెప్పలేదంటే, చెబితే మరునాడే టాక్సీలో వచ్చి "కొట్టు మూసెయ్, నా దగ్గరికి వచ్చెయ్" అంటావు. ఈ మిషను మీద కూర్చుంటేనే నేను మనిషిని. నీ కోటు సంగతి నాకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే అంతా అందుతుంది. టీచరమ్మ అయితే "మీలాగా శ్రద్ధగా ముఖంలోకి చూస్తూ వినేవాళ్లు ఎక్కడున్నారండీ" అని మెచ్చుకుంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే "ఏం కొరుకుతున్నావు" అని అడిగాడట. నేను అంతకన్నా నయం, ఏ ఎక్కం చెబుతున్నావో కూడా చెప్పాను.

నిన్ను సోమరి అన్నందుకు బాధపడ్డాను. నీ ఉత్తరం చదివి మిషను ముందు కూర్చుని ఏడ్చాను. అంచు కుడుతున్న కర్టెను మీద మరక పడితే ఉతికి ఆరేసి ఇచ్చాను. అంతకంటే ఎక్కువ రాయను, నీ తలకెక్కుతుంది.

ముందు ఆ గొంతాయన ఇంటికి వెళ్లు. ఫోన్లో కాదు, ఇంటికి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీకు ఇరవై ఏళ్లుగా నోరు మంచిగా ఉన్నది ఆయన పుణ్యమే.

రెండోది, చావకు. నువ్వు పోతే టీచరమ్మ ఎవర్ని తిట్టడానికి వస్తుంది? నా గలీబులు ఎవరు కొంటారు?

మూడోది జాగ్రత్తగా చదువు. నీకు మాట నిలవడం లేదు, నాకు మాట చేరడం లేదు. కానీ చప్పుడు లేని మాట మనిద్దరికీ వచ్చు. కెమెరా పక్కన నాకొక కుర్చీ వేయించు. డైలాగు కాగితం ఒళ్లో పెట్టుకుని నేను పెదాలు కదుపుతాను, నువ్వు నా ముఖం చూస్తూ చెప్పు. పక్కనే పడుకున్న నాన్నని లేపకుండా ఏళ్ల తరబడి మాట్లాడుకున్నవాళ్లం. ఒక మైకుని లేపకుండా మాట్లాడలేమా?

అక్క


జూలై 26

అక్కా,

నువ్వు చెప్పినట్టే నా గొంతు ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి వెళ్లి టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఆ రోజు తాగకుండా వదిలేసింది, ఇప్పుడు మీరు తాగండి" అన్నాడు. వేడి టీయేలే. ఇద్దరం నవ్వాం, తర్వాత కాసేపు ముక్కులు చీదుకున్నాం. ఇప్పుడు రోజూ సాయంత్రం నాకు గొంతు పాఠాలు చెబుతున్నాడు. మాట గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలట. పొట్టకి కొదవలేదు కదా అన్నాడు. అతనికీ పని దొరికింది, పిల్లల కార్టూన్లో ఎలుగుబంటికి గొంతు ఇస్తున్నాడు. ఎలుగుబంటి నాకంటే నయమట, అరుపులే తప్ప ఎక్కాలు చెప్పదట.

నీ మూడో సంగతి మాత్రం కుదరదు. గడ్డమాయనకి నా ఇబ్బంది కొంచెం చెప్పి చూశాను, మొత్తం కాదు. అతను నా చెవిలో చిన్న పరికరం పెట్టించి, అందులోంచి ఒకడి చేత డైలాగు చదివించాడు. చెవిలో మాట పడగానే నేను సీను మధ్యలో "ఆఁ, ఏంటి?" అన్నాను. మేనకోడలు పిల్ల నవ్వాపుకోలేక కర్టెన్ల వెనక్కి పరిగెత్తింది. అట్ట మీద రాసి చూపిస్తే కళ్లు చదువుతున్నట్టు తెలిసిపోతోంది.

చావు సీను ఆగస్టు ఆరున. ముందు రెండు పేజీల మాటలున్నాయి, ఆ తర్వాత పడిపోవడమే. ఎలాగో ఆ రెండు పేజీలు గట్టెక్కితే పరువుగా పోతాను. ఇన్నేళ్ల ఒక్క టేకు మామయ్య అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం అప్పజెబుతున్నాడని అందరూ నవ్వుకోవడం కంటే అది మేలు. నువ్వు రావద్దు. నా మీద ఒట్టు.

తమ్ముడు


జూలై 31

తమ్ముడూ,

సౌండు పెంచుకో, కళ్లజోడు తుడుచుకో అని నువ్వే అన్నావు. తుడిచే చూశాను. నీ ఉత్తరం అంతా కనిపించింది కానీ, చివర్లో రావద్దు అన్న ముక్క మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు.

నాలుగో తారీఖు పొద్దున బస్సు దిగుతాను. కుర్చీకి వీపు ఉండేలా చూడు, నీ కోటులాగా కాకుండా.

అక్క


సెప్టెంబర్ 12
కొత్త ఫ్లోరు నుంచి

అక్కా,

నువ్వు స్కూలు వాళ్ల కర్టెన్ల ఆర్డరు కుట్టాలని ఊరెళ్లావు కానీ, ఇక్కడ ఇంకా నీ కథలే నడుస్తున్నాయి. మొదటిరోజు గడ్డమాయన బయటివాళ్లు ఫ్లోరు మీద ఉండకూడదని నీకు మూడుసార్లు చెప్పాడట. నువ్వు మూడుసార్లూ "నాకేం ఇబ్బంది లేదు బాబూ, ఇక్కడ చల్లగా ఉంది" అన్నావట. లైట్‌బాయ్ నాకు అది నటించి చూపించాడు. నాకు ఒక అనుమానం. ఆ గడ్డం వెనక పెదాలు నీకు నిజంగా కనిపించలేదా?

ఆరో తారీఖు సంగతి నీకు తెలుసు కానీ, నా లోపల ఏం జరిగిందో తెలియదు. లైట్లు వెలిగాయి. ఎప్పటిలాగే మొత్తం పోయింది. నోట్లో ఏడో ఎక్కం సిద్ధంగా ఉంది. అప్పుడు చూశాను, కెమెరా పక్కన కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో కాగితాలతో నువ్వు. నీ పెదాలు కదిలాయి. నేను చెప్పానో, నువ్వు చెప్పావో, రెండు పేజీలు అయిపోయాయి. గడ్డమాయన కట్ చెప్పడం మరిచిపోయాడు. నేనూ పడిపోవడం మరిచిపోయాను.

మూడో రోజు గడ్డమాయన నన్ను పక్కకి పిలిచి "సార్, మీ చూపు ఎప్పుడూ కెమెరా పక్కనే ఉంటోందేం?" అన్నాడు. ఇక దాచలేకపోయాను, మొత్తం చెప్పేశాను. నవ్వుతాడని ఎదురుచూశాను. కాసేపు గడ్డం గోక్కుని, అటు తిరిగి అసిస్టెంటుతో "అమ్మగారి కుర్చీ రెండడుగులు ఎడమకి జరపండి, చూపు ఇంకా బాగా కుదురుతుంది" అన్నాడు. ఇంకెవరూ కూడా నవ్వలేదక్కా. మేనకోడలు పిల్ల మాత్రం, తనకీ ఒక అక్క కావాలంది.

రైటర్ తల పట్టుకున్నాడు. రాసిన చావు చించి పారేసి, మామయ్య పడ్డాడు కానీ పోలేదని మార్చాడు. ఇప్పుడు తలకి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. నువ్వు తిరిగి వచ్చేదాకా మామయ్యకి మాట పడిపోయింది. ఇదంతా తెర మీదికి వచ్చాక ఊళ్లో జనం నాకు తగిన శాస్తి జరిగిందని సంబరపడతారు. కాబట్టి ఆ కర్టెన్లు త్వరగా కుట్టు. మాటిమాటికీ తిరగడానికి బద్ధకమైతే మిషను ఇక్కడికే తెచ్చుకో, మేకప్ గదిలో కిటికీ పక్కన చోటు చూశాను.

వచ్చే గురువారం ఆరో తారీఖు సీను వస్తుంది. చూడు. చివరిదాకా చూడు, మధ్యలో బట్ట కత్తిరించడానికి లేవకు.

నీ
తమ్ముడు


సెప్టెంబర్ 20
కొట్టు నుంచి

తమ్ముడికి ఆశీస్సులు.

మొదట నీ అనుమానం తీరుస్తాను. గడ్డం, మీసం కలిసిపోయిన మనిషి చెప్పేది నాకెలా తెలుస్తుంది? మొదటిసారి తెలియలేదు. రెండోసారికి తెలిసింది. మూడోసారికి కుర్చీ వెచ్చబడింది, లేవబుద్ధి కాలేదు.

గురువారం లేవకుండా చూశాను. టీచరమ్మ ఎప్పటిలాగే స్టూలు లాక్కుని "వీడి నోట్లో" అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. నా వైపు తిరిగి "ఏమిటండీ, ఈవేళ గొంతు వేరేగా ఉంది?" అంది. అది నీ సొంత గొంతని చెప్పాను. ఎలా ఉందని అడిగాను. ఆవిడ ఆలోచించి, "పీలగా ఉందండీ. కానీ ఇన్నాళ్లూ వీడు అబద్ధం ఆడుతున్నట్టు ఉండేది, ఈవేళ నిజంగా కోపం వచ్చినట్టుంది" అంది. ఆ తర్వాత యథాప్రకారం తిట్టింది. భయపడకు, నీ అన్నానికి ఢోకా లేదు.

మీరు వినలేదా అని ఆవిడ అడిగితే, ఈసారి చెప్పేశాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. గలీబులకి కుచ్చులు వద్దని మూడుసార్లు చెప్పినా నేను పెట్టినప్పుడే తెలుసట. వెనక నుంచి చెప్పడం మానేసి, అప్పటి నుంచీ ఎదురుగా వచ్చి చెబుతోందట. ఇన్నాళ్లూ నేనే గొప్ప నటిననుకున్నాను.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. గురువారం నీ గొంతు ఊరంతా విన్నది, నేను తప్ప. ఇరవై ఏళ్లు ఎవరిదో గొంతు విన్నాను, నీది వచ్చేసరికి నా చెవులు లేకుండా పోయాయి. తర్వాత నీ పెదాలకి నీ చిన్నప్పటి గొంతు పెట్టుకుని చూశాను. సరిగ్గా అతికింది.

ఇక చివరి సంగతి. నీ మాటలయ్యాక నువ్వు కిటికీ వైపు తిరిగావు. ఆ రోజు సెట్లో రెండో కెమెరా కిటికీ అవతల ఉంది, నేను ఇవతల మొదటి కెమెరా పక్కన కుర్చీలో ఉన్నాను. నాకు కనిపించింది నీ వీపే. పిన్నులు నాలుగు కాదు, ఆరు. నీ ముఖం నేను చూడలేదు. గురువారమే చూశాను.

డైలాగు కాగితంలో అక్కడ ఏమీ లేదు, నా ఒళ్లో ఉన్నది అదే కదా. టీచరమ్మ "చూశారా, పశ్చాత్తాపంతో పెదాలు వణుకుతున్నాయి" అంది. వణకడం లేదు. మైకుకి అందకుండా, గుమ్మంలో పుస్తకాల సంచితో నిలబడ్డట్టు, నువ్వు ఆ పాత మాటే అడుగుతున్నావు. ఊరంతా చూసింది, నేనొక్కదాన్నే విన్నాను. టీచరమ్మ పక్కనే ఉందని కూడా చూడకుండా కొట్టులో నుంచే జవాబు చెప్పేశాను. అంత దూరం నీకు అంది ఉండదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

లేవలేదురా. కానీయ్.

అక్క